స్పీడింగ్ పాయింట్లు పడ్డాయి... ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పాలా, వద్దా?

యూకేలో ఉంటున్న మన తెలుగువాళ్లకి పనికొచ్చే విషయాలు మాట్లాడుకునే కార్యక్రమం ఇది.

ఈ వారం విషయం చాలామంది అడుగుతున్నదే. లెస్టర్ నుంచి ఒక తమ్ముడు ఇలా రాశాడు: "అన్నా, 30 మైళ్ల రోడ్డులో 44లో పోతుంటే కెమెరాకి దొరికాను. 100 పౌండ్లు కట్టేశాను, లైసెన్స్ మీద 3 పాయింట్లు పడ్డాయి. ఇన్సూరెన్స్ రెన్యూవల్‌కి ఇంకా ఏడు నెలలుంది. ఇప్పుడే కంపెనీకి చెప్పాలా? చెప్పకపోతే వాళ్లకెలా తెలుస్తుంది? తెలిసినవాళ్లని అడిగితే ఒక్కొక్కళ్లు ఒక్కో మాట చెప్తున్నారు."

చూడండి, ఇందులో రెండు ప్రశ్నలున్నాయి. "ఇప్పుడే చెప్పాలా" అన్నది అడగాల్సిన ప్రశ్న. దానికి జవాబు మీ పాలసీ కాగితాల్లోనే ఉంటుంది. "వాళ్లకెలా తెలుస్తుంది" అన్న రెండోదాని దగ్గరే మనవాళ్లు ఇరుక్కుంటున్నారు. నేను లాయర్‌ని కాదు. ఇక్కడ పదిహేనేళ్లుగా కారు నడుపుతూ, ఏటా ఈ ఫారాలు నింపుతూ, ఫ్రెండ్స్‌కి నింపిపెడుతూ తెలుసుకున్నది, చట్టంలో చదివింది చెప్తాను.

ముందు మన అలవాటు గురించి ఒక మాట. హైదరాబాద్‌లో చలాన్ పడితే ఏం చేస్తాం? ఫోన్‌లో చూసుకుంటాం, డబ్బు కడతాం, మర్చిపోతాం. కొంతమంది రాయితీ ఎప్పుడొస్తుందా అని ఆగుతారు కూడా. 2022లో, మళ్లీ 2023 చివర్లో తెలంగాణలో పెండింగ్ చలాన్ల మీద రాయితీ ఇచ్చారు కదా. అక్కడ చలాన్‌కీ కారు ఇన్సూరెన్స్ ప్రీమియంకీ మామూలుగా సంబంధం ఉండదు. రెండింటికీ ముడిపెట్టే విషయం చూడమని ఐఆర్‌డీఏఐ 2019లో ఒక వర్కింగ్ గ్రూప్‌ని వేసింది కానీ, మన అనుభవంలో చలాన్ అంటే కట్టేస్తే అయిపోయేదే.

ఇక్కడ అలా కాదు. 100 పౌండ్లు కట్టడంతో జరిమానా అయిపోతుంది, పాయింట్లు అయిపోవు. మామూలు రోడ్డు మీద స్పీడింగ్‌కి ఎస్‌పీ30, మోటర్‌వే మీదైతే ఎస్‌పీ50 అనే కోడ్ మీ డీవీఎల్ఏ రికార్డులో పడుతుంది. నేరం జరిగిన తేదీ నుంచి 4 ఏళ్లు అక్కడే ఉంటుంది. ఇండియా లైసెన్స్‌తో మొదటి ఏడాది నడుపుతున్నవాళ్లు కూడా తప్పించుకున్నట్టు కాదు. వాళ్ల పేరు మీద డీవీఎల్ఏ ఒక రికార్డు తెరిచి అందులో పాయింట్లు వేస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. ఒకప్పుడు ఇక్కడి చట్టం ప్రకారం, కంపెనీ అడిగినా అడగకపోయినా ముఖ్యమైన సంగతులన్నీ మనమే వెళ్లి చెప్పుకోవాలి. చెప్పకపోతే తప్పు మనది. 2012లో కొత్త చట్టం చేశారు, 2013 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ఇప్పుడు సొంత అవసరానికి ఇన్సూరెన్స్ తీసుకునేవాళ్ల బాధ్యత ఒక్కటే: అడిగినదానికి జాగ్రత్తగా, నిజంగా జవాబు చెప్పడం. అడగనిది మనంతట మనం చెప్పనక్కర్లేదు. అడిగినదానికి మాత్రం అబద్ధం చెప్పకూడదు. ఈ ముక్క గుర్తుంటే మిగతాదంతా దానంతటదే తేలిపోతుంది.

మన తమ్ముడి సంగతికి వద్దాం. పాలసీ తీసుకున్న రోజున అతనికి పాయింట్లు లేవు. "లేవు" అని రాశాడు. అది అప్పటికి నిజమే. పాలసీ మధ్యలో పాయింట్లు పడ్డాయి. ఇప్పుడు చెప్పాలా? అన్ని కంపెనీలకీ ఒకే జవాబు లేదు. పాలసీ బుక్‌లెట్‌లో "మీ పరిస్థితుల్లో మార్పులు వస్తే" అనే అర్థంతో ఒక భాగం ఉంటుంది. అడ్రస్ మారితే, ఉద్యోగం మారితే, కారుకి మార్పులు చేయిస్తే చెప్పమని ఒక జాబితా ఇస్తారు. అందులో మోటారింగ్ కన్విక్షన్లు, ఫిక్స్‌డ్ పెనాల్టీలు కూడా ఉంటే వెంటనే చెప్పాలి. లేకపోతే రెన్యూవల్ దాకా ఆగొచ్చు. అందుకే ఒకరి మాట ఇంకొకరికి పనికిరాదు. మీ కొలీగ్ "నేను చెప్పలేదు, ఏం కాలేదు" అంటే, ఆయన పాలసీలో అలా రాసి ఉండొచ్చు. మీదాంట్లో ఏముందో మీరే చూసుకోవాలి. పది నిమిషాల పని.

అనుమానం ఉంటే ఫోన్ కాదు, ఈమెయిల్ గానీ చాట్ గానీ చేయండి. "ఫలానా తేదీన ఎస్‌పీ30 పడింది, పాలసీ మధ్యలో మీకు చెప్పాలా" అని అడిగి, జవాబు దాచిపెట్టుకోండి. రేపు తేడా వస్తే ఆ కాగితమే మీకు సాక్ష్యం.

రెన్యూవల్ దగ్గర మాత్రం తప్పించుకునే దారి లేదు. చాలామంది ఆటో రెన్యూవల్ పెట్టేసుకుని "నన్ను ఎవరూ ఏమీ అడగలేదుగా" అనుకుంటారు. కానీ రెన్యూవల్ లెటర్‌తో పాటు మీ వివరాలు పంపి, "ఇవి సరిగ్గా ఉన్నాయో లేదో చూసి, మారితే చెప్పండి" అని రాస్తారు. అలా అడిగాక పట్టించుకోకపోతే, అది కూడా తప్పుడు సమాచారం ఇచ్చినట్టే కావచ్చని చట్టంలోనే ఉంది. ఆ లెటర్ చదవకుండా పక్కన పడేయకండి.

ఇక రెండో ప్రశ్న, వాళ్లకెలా తెలుస్తుంది అని. 2014 నుంచి మైలైసెన్స్ అనే ఏర్పాటు ఉంది. కోట్ తీసుకునేటప్పుడు లైసెన్స్ నంబర్ ఇస్తే, డీవీఎల్ఏ దగ్గరున్న పాయింట్లు కంపెనీకి కనిపిస్తాయి. నంబర్ ఇవ్వకుండా కొన్నారనుకోండి. క్లెయిమ్ పెట్టిన రోజున డీవీఎల్ఏ వెబ్‌సైట్ నుంచి చెక్ కోడ్ తీసి పంపమని అడగొచ్చు. అంటే మీకు డబ్బు అవసరమైన రోజునే సంగతి బయటపడుతుంది.

బయటపడితే ఏమవుతుంది? చట్టం రెండు రకాలుగా చూస్తుంది. అజాగ్రత్తగా తప్పు రాశారనుకోండి, నిజం చెప్పి ఉంటే కంపెనీ ఏం చేసేదో దాన్నిబట్టి ఉంటుంది. ప్రీమియం కొంచెం ఎక్కువ తీసుకుని ఇచ్చేదైతే, క్లెయిమ్ ఆ నిష్పత్తిలో తగ్గించొచ్చు. లెక్క కోసం చెప్తున్నా: 1,000 పౌండ్లు కట్టాల్సిన చోట 900 కట్టారు. కారు పోయింది, విలువ 8,000. మీకు వచ్చేది 90 శాతం, అంటే 7,200. 100 మిగుల్చుకోబోయి 800 పోగొట్టుకున్నారు.

కావాలనే దాచారని కంపెనీ చూపించగలిగితే ఇంకా కష్టం. పాలసీనే రద్దు చేసి, క్లెయిమ్ మొత్తం తిరస్కరించొచ్చు. కట్టిన ప్రీమియం కూడా చాలాసార్లు వెనక్కి రాదు. "పాయింట్లు అంత ముఖ్యమని నాకు తెలీదు" అనే మాట పెద్దగా నిలవదు. స్పష్టంగా అడిగిన ప్రశ్న అంటే అది కంపెనీకి అవసరమైన విషయమని మీకు తెలిసినట్టే లెక్క, కాదని మీరు చూపిస్తే తప్ప. ఎదుటి మనిషికి దెబ్బలు తగిలితే కంపెనీ అతనికి డబ్బు కట్టి, తర్వాత మీ దగ్గర వసూలు చేసుకోవడానికి రావచ్చు. ఆ మొత్తాలు వందల్లో ఉండవు. పైగా ఆ తర్వాత ప్రతి ఫారంలోనూ "మీ పాలసీ ఎప్పుడైనా రద్దయిందా" అన్న ప్రశ్నకి "అవును" అని రాయాలి. 3 పాయింట్ల కంటే అదే మీ ప్రీమియంని ఎక్కువ పెంచుతుంది.

మనవాళ్లు తరచుగా తికమకపడే సంగతులు మరికొన్ని.

స్పీడ్ అవేర్‌నెస్ కోర్సు చేసినవాళ్లకి పాయింట్లు పడవు, అది కన్విక్షన్ కాదు. "కన్విక్షన్లు ఉన్నాయా" అని అడిగితే "లేవు" అనొచ్చు. కానీ కొన్ని కంపెనీలు కోర్సు చేశారా అని విడిగా అడుగుతాయి. అప్పుడు నిజం చెప్పాలి.

నోటీసు వచ్చింది, ఇంకా ఏదీ తేలలేదు అనుకోండి. నోటీసు ఒక్కటే కన్విక్షన్ కాదు. అయితే "పెండింగ్‌లో ఏమైనా ఉన్నాయా" అని కూడా అడుగుతున్నారేమో ప్రశ్న చివరిదాకా చదవండి.

రికార్డులో 4 ఏళ్లు ఉంటుంది కదా, ఐదో ఏడు చెప్పక్కర్లేదనుకుంటారు. కంపెనీలు సాధారణంగా 5 ఏళ్లవి అడుగుతాయి. ఇంగ్లండ్, వేల్స్‌లో పెద్దవాళ్ల విషయంలో ఇలాంటి ఎండార్స్‌మెంట్ 5 ఏళ్ల తర్వాతే చట్టం దృష్టిలో ముగిసినట్టు. ఆ తర్వాత చెప్పనక్కర్లేదు.

నేమ్‌డ్ డ్రైవర్‌గా భార్యనో భర్తనో చేర్చారా? వాళ్ల పాయింట్లు కూడా రాయాలి. "మా ఆవిడవి కదా, నావి కాదుగా" అంటే కుదరదు.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. ఇన్సూరెన్స్ పెరుగుతుందని, "నీ లైసెన్స్ క్లీన్‌గా ఉంది కదా, నువ్వే నడిపావని రాసేద్దాం" అనే ఆలోచన కొన్ని ఇళ్లలో వస్తుంది. ఇది ఫారంలో తప్పు కాదండీ, జైలుకి పంపే నేరం. క్రిస్ హ్యూన్ అని మంత్రిగా చేసిన ఆయన, తన స్పీడింగ్ పాయింట్లు భార్య పేరు మీద వేయించాడు. పదేళ్ల తర్వాత, 2013లో ఆయనకీ, ఆమెకీ చెరి 8 నెలల జైలుశిక్ష పడింది. మంత్రికే తప్పలేదు, వీసా మీద ఉన్నవాళ్ల సంగతి మీరే ఆలోచించుకోండి.

తమ్ముడూ, నీకు నా సలహా ఇదీ. ఈ రాత్రే పాలసీ బుక్‌లెట్ తెరిచి మార్పుల భాగం చదువు. చెప్పమని ఉంటే రేపే చెప్పు. కొంచెం అదనంగా కట్టమంటే కట్టు. చెప్పమని లేకపోతే ఏడు నెలలు నిశ్చింతగా ఉండు, అందులో నువ్వు దాచిందేమీ లేదు. రెన్యూవల్ అప్పుడు మాత్రం కోడ్, తేదీ, పాయింట్లు ఉన్నదున్నట్టు రాసి, నాలుగైదు చోట్ల కోట్‌లు తీసుకో. 3 పాయింట్లకి అన్ని కంపెనీలూ ఒకేలా పెంచవు. తిరిగి చూస్తే తక్కువకి ఇచ్చేవాళ్లు దొరకొచ్చు.

ఇప్పటికే క్లెయిమ్ తిరస్కరణకి గురైనవాళ్లు ఉంటే, ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ఏ ప్రశ్నకి ఏ జవాబు తప్పని అంటున్నారో చూపించమనండి. వాళ్ల తుది జవాబు నచ్చకపోయినా, 8 వారాల్లో జవాబే రాకపోయినా ఫైనాన్షియల్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. తుది జవాబు వచ్చాక 6 నెలల్లోపు వెళ్లాలి. ఫీజు లేదు. ప్రశ్న అస్పష్టంగా ఉందా అన్నది కూడా వాళ్లు చూస్తారు.

ఈ వారానికి ఇంతే. వచ్చే ఎపిసోడ్‌లో ఇండియా లైసెన్స్‌తో నడిపే 12 నెలల గడువు గురించి మాట్లాడుకుందాం. 20 మైళ్ల బోర్డులు ఎక్కువయ్యాయి, చూసి నడపండి. ఉంటానండీ, సెలవు.