ఆహార సహకార సంఘం: సభ్యత్వం వాడ నుండే మొదలు కావాలి

(వరంగల్లు ప్రాంతపు పాల ఉత్పత్తిదారుల సంఘాల సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





ఈరోజు మనము పాల గురించి కాక, పాల డబ్బు ఎటు పోతున్నదో మాట్లాడుకొందాము. పదిహేను రోజులకు బిల్లు చేతికి వస్తుంది. దాణాకు కొంత, పిల్లల చదువుకు కొంత పోగా, తక్కినదానిలో పెద్ద భాగం కిరాణా దుకాణంలో ఉద్దెర పద్దుకే జమ అవుతుంది. మన చేలో పండిన కందులను కోతల కాలంలో వచ్చిన ధరకు అమ్ముతాము. కొన్నాళ్ళకు అదే పప్పును కిలో చొప్పున కొంటాము. మిర్చి బస్తాలను ఎనుమాముల మార్కెట్టుకు తోలుతాము. కారం పొట్లాన్ని దుకాణంలో కొంటాము. ఒకప్పుడు పాల సంగతీ ఇట్లాగే ఉండేది గదా! కొలిచేవాడు చెప్పినదే కొలత, ఇచ్చినదే ధర. సంఘం పెట్టుకొన్నాము గనుక వెన్న శాతం చూసి ధర కట్టే పద్ధతి వచ్చింది. పాలకు చేసుకొన్న పని పప్పుకు ఎందుకు చేసుకోరాదు?

అయితే తొందరపడి దుకాణం తెరవండని మేము చెప్పబోవడం లేదు. ఎందుకంటే మేమే ఒకసారి దెబ్బతిన్నాము. కొన్నేండ్ల కిందట మేము కొందరము కలిసి మా ఊళ్ళో సరుకుల దుకాణం పెట్టినాము. ఒక్క రోజులో రెండు వందల పేర్లు రాయించినాము. బోర్డు కట్టినాము, కొబ్బరికాయ కొట్టినాము. తీరా చూస్తే సరుకు కొనడానికి వచ్చినది నలభై ఇండ్ల వారు. వారిలోనూ సగం మంది ఉద్దెరకే. అడిగితే మొగమాటం, అడగకపోతే నష్టం. లెక్కలు సభ్యుల ముందు చదివినది ఒక్కసారే. ఏడాదిన్నర తిరగకముందే తాళం పడింది. తప్పు ఇతరులది కాదు, మాదే. పేర్లు రాసుకొన్నాము గాని సభ్యులను తయారు చేయలేదు.

ముందు సభ్యులను తయారు చేసుకొన్న ఊరు మనకు దగ్గరలోనే ఉన్నది. అదే ముల్కనూరు. భీమదేవరపల్లి మండలంలోని ఈ గ్రామం 2016 వరకు కరీంనగర్ జిల్లాలో ఉండేది. ఇప్పుడు హనుమకొండ జిల్లాలో ఉన్నది. అక్కడ 1956లో ఎ.కె. విశ్వనాథరెడ్డి గారి పూనికతో సహకార గ్రామీణ బ్యాంకు, మార్కెటింగ్ సంఘం ఏర్పడింది. రైతుకు అప్పు, ఎరువు, విత్తనం అందించడమే కాక, పండిన పంటను అమ్మిపెట్టే పని కూడా ఆ సంఘమే చేపట్టింది. ఆ ప్రాంతపు మహిళలే సభ్యులుగా 2002లో పాల డెయిరీ మొదలైంది. 'స్వకృషి' పేరుతో వారి పాలు మీరు చూసే ఉంటారు. ఆ డెయిరీ కన్నా ముందే అక్కడి ఊళ్ళలో మహిళా పొదుపు సంఘాలు ఉన్నాయి. నెలనెలా చిన్న మొత్తాలు దాచుకొంటూ, పద్దులు చూసుకోవడం, సమావేశంలో లేచి అడగడం ఆ అక్కలు నేర్చుకొన్నారు. ముందు అలవాటు, తరువాత భవనం. ఈ వరుసను మనము తిరగవేయరాదు.

ఇంగ్లండులోని రోచ్‌డేల్ పట్టణంలో 1844లో 28 మంది కలిసి చిన్న దుకాణం తెరిచినారు. వారిలో నేత పనివారున్నారు. పిండి, వెన్న, చక్కెర వంటి కొద్ది సరుకులే పెట్టినారు. కల్తీ లేని సరుకు, సరియైన తూకం, నగదు అమ్మకం. మిగులును ఎవరు ఎంత కొన్నారో ఆ లెక్కన పంచుకోవడం వారి నియమాలు. మనము పోసిన పాలను బట్టి బోనసు తీసుకోవడం కూడా ఈ సూత్రమే.

ఇక మనము చేయవలసిన పని చెప్పుకొందాము.

మొదటిది, ఇంటింటి లెక్క. వాడకు ఒకరు చొప్పున తిరిగి, ఏ ఇంట్లో నెలకు ఏమి కొంటారు, ఏ చేలో ఏమి పండుతుంది అని రాసుకోవాలి. ఉదాహరణకు 100 ఇండ్లు నెలకు 3 కిలోల చొప్పున కందిపప్పు వాడితే 300 కిలోలు అవుతుంది. క్వింటాలు కందులకు 65 నుండి 70 కిలోల పప్పు వస్తుందనుకొంటే, నెలకు సుమారు నాలుగున్నర క్వింటాళ్ళు, ఏడాదికి 54 క్వింటాళ్ళ కందులు కావాలి. ఇవి మన ఊళ్ళోనే పండుతాయి. పైగా మరలో మిగిలే పొట్టు, నూక మన బర్రెల దాణాకే పనికివస్తాయి. కంది, కారం, పసుపు, బియ్యం, ఈ నాలుగింటితో మొదలుపెడితే చాలు.

రెండవది, సభ్యత్వం. ఒక్కనాడు జాబితా నింపరాదు. పది ఇండ్లకు ఒక కూటమిగా కూర్చొని, నియమాలు చదివి వినిపించి, అర్థమైన వారినే చేర్చుకోవాలి. వాటాధనాన్ని ఒకేసారి అడగక, సభ్యులు రాసి ఒప్పుకొంటే పాల బిల్లు నుండి కొద్దికొద్దిగా పట్టుకోవచ్చు. పాడి లేని కూలి ఇండ్లను మరవరాదు. నూటికి నూరుపాళ్ళు కొని తినేది వారే. మన ఇండ్లలో పాలు పిండేది ఆడవారు, రిజిస్టరులో పేరు మాత్రం మగవారిది. ఈ కొత్త సంఘంలోనైనా వంట చేసే చేతుల పేరే రాయండి. ఏడాదిలో నిర్ణయించిన మేరకు కొనని, అమ్మని సభ్యునికి ఓటు లేదని ఉపనిబంధనలలోనే రాసుకోవాలి. అప్పుడే ఎన్నికలనాడు మాత్రమే కనిపించే సభ్యుల బెడద ఉండదు.

మూడవది, నగదు. దుకాణం ఉద్దెర ఇవ్వరాదు, అధ్యక్షుని ఇంటికైనా సరే. అవసరానికి అప్పు ఇవ్వడం పొదుపు సంఘం పని.

నాలుగవది, పద్దులు. ఆహార సంఘం లెక్క వేరు, పాల సంఘం లెక్క వేరు. పాల సంఘం నిధి నుండి ఒక్క రూపాయి కూడా ఇటు మళ్ళించరాదు. ఇది నష్టపోతే అది మునగరాదు. ప్రతి నెలా కొన్నది, అమ్మినది, మిగిలినది, పాడైనది అందరి ముందు చదవాలి.

రిజిస్ట్రేషనుకు 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం మనకు అనుకూలం. ప్రభుత్వ వాటాధనం లేకుండా సభ్యుల సొమ్ముతో, సభ్యుల అదుపులో నడిచే సంఘాల కొరకే అది వచ్చింది. ఆహార సరుకులు అమ్ముతాము గనుక 2006 నాటి ఆహార భద్రతా చట్టం కింద అనుమతి కూడా తీసుకోవాలి.

'దుకాణదారుడు మన ఊరివాడే గదా, అతని పొట్ట కొట్టడమెందుకు?' అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఆపదలో ఉద్దెర ఇచ్చినవాడు అతడే. అతనితో మనకు పగ లేదు. మన పంట మన ఇంటికి చేరే దారిలో మన తూకం ఒకటి ఉండాలని మాత్రమే మన కోరిక.

వచ్చే నెల మీ సంఘ సమావేశానికి వచ్చేటప్పుడు దుకాణానికి గది వెతకవద్దు, బోర్డు రాయించవద్దు. మీ వాడలో పది ఇండ్ల లెక్క రాసిన ఒక కాగితం మాత్రం తీసుకొని రండి. ఆ కాగితాలు పది జమ అయిన ఊళ్ళో మనము మళ్ళీ కూర్చొని మాట్లాడుకొందాము.