మేము ఎక్కిన మేడలు



"వీసాల గొడవలు, జీతాల గొడవలు ఎప్పుడూ ఉండేవే, ఈసారి ఏదైనా సరదా సంగతి చెప్పండి" అని కమిటీ వాళ్లు మమ్మల్ని అడిగారు. సరే, మా జీవితంలో ఎక్కి చూసిన పెద్ద బిల్డింగుల గురించి చెబుదాం అనుకున్నాం. తీరా కూర్చుని గుర్తు చేసుకుంటే అదీ పనివాళ్ల సంగతే అయింది. కాస్త ఓపిగ్గా వినండి.

మేము కరీంనగర్ జిల్లా వాళ్లం, భార్యాభర్తలం. మాలో ఒకరు దుబాయిలో తొమ్మిదేళ్లు షట్టరింగ్ పని చేశారు, ఇంకొకరు ఊళ్లో బీడీలు చుట్టి పిల్లల్ని సాకారు. తర్వాత ఇద్దరం అమెరికా చేరి గ్యాస్ స్టేషన్‌లో, హోటల్ వంటింట్లో బతుకు వెళ్లదీశాం.

మేము ఎక్కిన మొదటి మేడ చార్మినార్. పెళ్లయిన కొత్తలో ఇరుకు మెట్ల మీద ఒకరి వెనక ఒకరం ఎక్కి, పైనుంచి లాడ్ బజార్ చూసి, ఇంతకన్నా ఎత్తు ఇంకేముంటుంది అనుకున్నాం. మీనార్ల ఎత్తు 56 మీటర్లు. 1591లో కులీ కుతుబ్ షా కట్టించాడని మన పిల్లలందరికీ తెలుసు. రాళ్లు మోసిందెవరు, సున్నం కలిపిందెవరు అనే ప్రశ్న మాత్రం ఆ రోజు మాకు రాలేదు.

ఆ ప్రశ్న దుబాయిలో వచ్చింది. అక్కడ ముప్పై అంతస్తుల బిల్డింగు కట్టినన్నాళ్లూ రోజూ ఎక్కడమే, దిగడమే. అది పూర్తయ్యాక ఒక శుక్రవారం మంచి బట్టలు వేసుకుని, పైనుంచి ఒక ఫొటో దిగి ఇంటికి పంపుదామని పోతే గేటు దగ్గరే ఆపేశారు. అంతకన్నా పెద్ద బాధ ఇంకొకటుంది. ఆ బిల్డింగు మీదనే మన పక్క మండలం తమ్ముడు ఒకడు పడిపోయాడు. నడుముకు బెల్టు ఉంది, దాన్ని తగిలించడానికి తాడు లేదు. పెట్టెలో ఊరికి పోయాడు. ఇవాళ ఆ బిల్డింగు మీద కంపెనీ పేరు పెద్ద లైట్లతో వెలుగుతుంది. ఆ తమ్ముడి పేరు ఎక్కడా లేదు.

అమెరికా వచ్చాక షికాగోలో విల్లిస్ టవర్ ఎక్కాం. మనవాళ్లు చాలామంది ఇంకా సియర్స్ టవర్ అనే అంటారు. 110 అంతస్తులు, 1,450 అడుగులు. 1998 దాకా ప్రపంచంలో దానిదే రికార్డు. 103వ అంతస్తులో బయటికి పొడుచుకు వచ్చిన గాజు గదులున్నాయి. దుబాయిలో పలకల మీద నిలబడి పనిచేసిన కాళ్లు ఆ గాజు మీద గజగజ వణికాయి. బీడీలు చుట్టిన మనిషి మాత్రం దర్జాగా కూర్చుని ఫొటో దిగింది!

ఈ టవర్ అంత ఎత్తు నిలబడే ఉపాయం చెప్పిన ఇంజనీరు ఫజ్లుర్ రెహమాన్ ఖాన్. ఢాకాలో పుట్టి, 1952లో చదువుకోసం అమెరికా వచ్చినాయన. తొమ్మిది గొట్టాలను ఒక కట్టగా కట్టినట్టు డిజైన్ చేశాడు. కట్టెపుల్ల ఒక్కటైతే విరుగుతుంది, మోపు కడితే విరగదు అని మన పెద్దలు చెప్పేదే. టవర్ పక్కనున్న వీధికి ఆయన పేరు పెట్టారు. మన వైపు నుంచి వచ్చిన మనిషి పేరు ఆ వీధిలో బోర్డు మీద చూస్తే మాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేం.

అక్కడి నుంచి నడిచి పోయేంత దూరంలోనే హేమార్కెట్ ఉంది. మేము అక్కడికీ వెళ్లాం. ఇనుప చట్రం మీద లేపిన మొదటి ఎత్తైన మేడ అని చాలామంది చెప్పుకునే హోమ్ ఇన్సూరెన్స్ బిల్డింగు షికాగోలోనే 1885లో వచ్చింది, పది అంతస్తులది. ఆ మరుసటి ఏడే, 1886 మే నెలలో, రోజుకు ఎనిమిది గంటలే పని కావాలని అదే ఊళ్లో కార్మికులు సమ్మె కట్టారు. మే 4న హేమార్కెట్ సభలో బాంబు పడింది, పోలీసులు కాల్పులు జరిపారు. మరుసటి ఏడు నలుగురు నాయకులను ఉరితీశారు. మన ఊళ్లో మే డే నాడు ఎగరేసే ఎర్రజెండా కథ ఇక్కడ మొదలైంది. టవర్ పైకి ఎక్కడానికి వందల మంది లైన్లో ఉన్నారు. ఈ స్మారకం దగ్గర ఆ రోజు మేమిద్దరమే.

న్యూయార్క్‌లో ఎంపైర్ స్టేట్ బిల్డింగు ఎక్కినప్పుడు టికెట్లకు మాలో ఒకరి రోజు కూలి పోయింది. 102 అంతస్తులు, ఏడాదికి కాస్త పైగా అయ్యేసరికి పూర్తి చేశారట. ఒక దశలో రోజుకు 3,400 మంది పనిచేశారు. ఎక్కువమంది ఐర్లండ్, ఇటలీ లాంటి దేశాల నుంచి వలస వచ్చినవాళ్లు, వాళ్ల పిల్లలు. ఇనుప పనిలో మొహాక్ తెగవాళ్లూ ఉన్నారు. లూయిస్ హైన్ తీసిన ఫొటోలు చూస్తే మీకే తెలుస్తుంది. హెల్మెట్ లేదు, బెల్టు లేదు, గాలిలో దూలం మీద మనిషి. అధికారిక లెక్కలో ఐదుగురు చనిపోయారు. బిల్డింగు తెరిచింది 1931 మే 1న. తమాషా ఏమంటే అది మే డే. మంచి పనితనానికి బహుమతి పొందిన కొందరు పనివాళ్ల పేర్లతో దాని లాబీలో ఒక ఫలకం పెట్టారు. కొందరివే అయినా, పేర్లు పెట్టారు కదా.

వరల్డ్ ట్రేడ్ సెంటర్ జంట మేడలను మేము చూడలేదు. మేము వెళ్లేసరికి ఆ చోట రెండు నీటి మడుగులు, చుట్టూ కంచు పలకల మీద పేర్లు. ఉత్తరపు టవర్‌లో 106, 107వ అంతస్తుల్లో ఒక పెద్ద రెస్టారెంట్ ఉండేది. 2001 సెప్టెంబర్ 11 పొద్దున డ్యూటీకి వచ్చిన అక్కడి పనివాళ్లు 70 మందికి పైగా చనిపోయారు. వంటవాళ్లు, గిన్నెలు కడిగేవాళ్లు, ఎన్నో దేశాల నుంచి వచ్చినవాళ్లు. వంటింట్లో పనిచేసే మాకు ఆ పేర్ల దగ్గర కాళ్లు కదల్లేదు. ఆ రోజు డ్యూటీ లేక బతికిన తోటివాళ్లు ఊరికే కూర్చోలేదు. 2002లో ఒక సంఘం పెట్టుకుని రెస్టారెంట్ పనివాళ్ల జీతాల కోసం, హక్కుల కోసం నిలబడ్డారు. మన ఫోరం లాంటిదే.

ఇన్ని మేడలు ఎక్కాక మాకు అర్థమైంది ఇది. బెల్టుకు తాడు ఎవరూ దయతలచి ఇవ్వలేదు, అడిగి తెచ్చుకున్నారు. అమెరికాలో 1970లో పని భద్రతా చట్టం వచ్చింది. దాన్ని చూసే ఆఫీసు ఓషా. ఇక్కడ బిల్డింగు పనిలో 6 అడుగులు, అంతకు పైన ఎత్తులో పడిపోకుండా రక్షణ ఏర్పాటు చేయాల్సిన బాధ్యత యజమానిదే. వీసా ఏదైనా, కాగితాలు లేకపోయినా ఈ చట్టం మనకూ వర్తిస్తుంది. పేరు బయటపెట్టకుండా ఫిర్యాదు చేయొచ్చు. అడిగినందుకు పనిలోంచి తీసేస్తే 30 రోజుల లోపల ఫిర్యాదు చేయాలి, గడువు దాటనీయకండి. నంబరు 1-800-321-6742. ఫోన్‌లో ఇప్పుడే ఎక్కించుకోండి.

ఫోరం పెద్దలకు ఒక విన్నపం. వచ్చే ఏడు పుస్తకంలో రెండు పేజీలు వదలండి. మనవాళ్లు ఎవరు ఏ దేశంలో ఏ బిల్డింగు మీద పనిచేశారో, పేర్లూ ఊళ్లూ అందులో రాసుకుందాం. పడిపోయినవాళ్ల పేర్లు ముందు రాద్దాం. మా పక్క మండలం తమ్ముడి పేరు, వాళ్లమ్మను అడిగి, మేమే పంపిస్తాం.

సెలవు.