రెండు చేతులకు రెండు ముక్కలు

లాడ్ బజార్‌లో లక్క గాజులు చేతికి తొడిగి చూశాకే కొంటాం. కీబోర్డునూ అలాగే కొనాలి.

పగలు కొట్లో లెక్కలు టైపు చేసి, రాత్రి గేములాడే కుర్రవాణ్ణే తీసుకోండి. మామూలు కీబోర్డు మీద చేతులు దగ్గరకు ముడుచుకుంటాయి. మణికట్టు పక్కకు వంగుతుంది. రెండు ముక్కల కీబోర్డైతే చేతులు భుజాల వెడల్పున ఉంటాయి. మీటలు పొట్టివైతే మణికట్టు పైకీ లేవదు.

తెలుగు టైపింగుకు ఇంకో సుఖం. ఇన్‌స్క్రిప్ట్ అనే మీటల అమరికలో అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమ చేతివి. హల్లులు ఎక్కువగా కుడి చేతివి. ‘కా’ కొట్టాలంటే కుడి ముక్కలో క, ఎడమ ముక్కలో దీర్ఘం. రెండు చేతులకూ పని సమంగా అందుతుంది.

వైర్‌లెస్ సంగతి. ఆఫీసు పనికి బ్లూటూత్ చాలు. గేముకు మాత్రం యూఎస్‌బీ రిసీవర్ ఉన్నదే తీసుకోండి. మీట నొక్కిన వెంటనే స్పందన కావాలి కదా! ఎడమ ముక్క ఒక్కటే పనిచేస్తుందా అనీ అడగండి. అలా పనిచేస్తే, గేమాడేటప్పుడు కుడి ముక్కను తీసేసి మౌసుకు జాగా మిగుల్చుకోవచ్చు.

కంప్యూటర్ సామాను కోసం సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లండి. చేతులు పెట్టి చూడండి. ఆన్‌లైన్‌లో అయితే, తిరిగి ఇచ్చే వీలుంటేనే కొనండి. అలవాటు పడడానికి కొన్ని వారాలు పడుతుంది. అందాకా పాత కీబోర్డును పారేయకండి.