పాఠశాలలో నాటిన విత్తనం
(కార్మిక విద్యా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



దేశరక్షణ వేరు, సైనికవాదం వేరు. సరిహద్దున నిలిచిన సైనికుని మనం గౌరవిస్తాము. సైనిక తపాలా సర్వీసులో మన తపాలా ఉద్యోగులు అనేకులు డెప్యుటేషన్‌పై పనిచేస్తున్నారు. కాని పౌరజీవితాన్నంతా సైనిక శిబిరంగా మార్చి, ప్రశ్నించడమే ద్రోహమని బోధించే ధోరణి సైనికవాదం. అది ఎక్కడ మొదలై ఎక్కడికి చేరుతుందో జపాన్ చరిత్ర స్పష్టంగా చెబుతున్నది.

అక్కడ అది వేళ్ళూనింది పాఠశాలలో. 1890లో వెలువడిన చక్రవర్తి విద్యాశాసనాన్ని పర్వదినాలలో ప్రధానోపాధ్యాయుడు చదువుతుంటే పిల్లలు తలలు వంచి వినేవారు. ఆపద వేళ రాజ్యానికి తమను అర్పించుకోవాలని అది ఆదేశించింది. 1925 నుండి మాధ్యమిక పాఠశాలలలోను, ఆపై విద్యాసంస్థలలోను సైనికాధికారులను నియమించి కవాతు నేర్పారు. చక్రవర్తికి విధేయుడైనవాడే నిజమైన జపనీయుడన్న భావం ఆ విధంగా పాఠమైంది.

రెండవ మెట్టు గృహం. పురుషునికి తుపాకిని, స్త్రీకి ఊయలను రాజ్యమే పంచిపెట్టింది. ఉత్తమ ఇల్లాలిగా, వివేకవతియైన తల్లిగా తీర్చిదిద్దడమే బాలికల విద్యకు లక్ష్యమైంది. 1941లో ప్రభుత్వం జనాభా పెంపు విధానాన్ని ప్రకటించి, అధిక సంతానాన్ని దేశసేవగా కీర్తించింది. 1944లో అవివాహిత యువతులను నిర్బంధంగా కర్మాగారాలకు పంపింది. బిడ్డలను, శ్రమను కోరిన ఆ రాజ్యం స్త్రీకి ఓటు మాత్రం ఇవ్వలేదు. ఆ హక్కు ఓటమి తరువాత, 1945 డిసెంబరులో గాని రాలేదు.

మూడవ మెట్టు కార్మికుని గడప. 1940లో స్వతంత్ర కార్మిక సంఘాలు రద్దయినవి. యజమాని, కార్మికుడు ఒకే కుటుంబమంటూ ప్రభుత్వ ప్రాపకంలో పారిశ్రామిక దేశభక్తి సంఘం వెలిసింది. బడిలో ప్రశ్న అణగిపోతే కర్మాగారంలో కోర్కెల పత్రం ఎలా పుడుతుంది?

ఇది పరాయి దేశపు కథ అని తోసివేయలేము. 1971 యుద్ధ సందర్భంలో వచ్చిన భారత రక్షణ నిబంధనల క్రిందనే 1974 మే 8న ఆరంభమైన మన రైల్వే సమ్మెను చట్టవిరుద్ధమన్నారు. శత్రువు కొరకని చేసిన ఆయుధాన్ని కార్మికునిపై ప్రయోగించారు.

1947లో ఏర్పడిన జపాన్ ఉపాధ్యాయ సంఘం, తమ విద్యార్థులను మరల రణరంగానికి పంపరాదని 1951లో నినదించింది. ఆ మాట మనకూ వర్తిస్తుంది. మన పిల్లల పాఠ్యపుస్తకాలను మనం చదవాలి. ఉపాధ్యాయ సంఘాలతో చేయి కలపాలి. ప్రతి బ్రాంచిలో మహిళా ఉద్యోగులను నాయకత్వంలోకి తేవాలి. బోనసు ఎంత అని అడగడం నేర్చిన మనం, ఎందుకు అని అడగడం మన పిల్లలకు నేర్పాలి.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!