యాత్రలయందు భోజనము

చైత్రపూర్ణిమకు మన లింగాల మీదుగా సలేశ్వరమునకు వేలకొలది యాత్రికులు పోవుదురు. నల్లమల యడవిలో కాలినడక, మీద మండుటెండ. వండిన యన్నము అట్టి వేడిమిలో ఒకటి రెండు గంటలు దాటినచో క్రిములకు నిలయమగును. మన పెద్దలు జొన్నరొట్టెలు, పేలపిండి, బెల్లము మూటగట్టుకొని నడచిరి. వారు వెర్రివారు కారు.

చరకసంహిత సూత్రస్థానమున 5వ యధ్యాయమునకు మాత్రాశితీయమనియే పేరు. సంతర్పణ పంక్తిలో ఆ మాత్ర మనలో పండితులకును జ్ఞప్తికి రాదు! అంతకంటె శోచనీయ మొకటి గలదు. మధుమేహము గల వృద్ధులు సత్రములలో తెల్లన్నమును, తీపిని తిని బాధపడుటయో, తినక పస్తుండుటయో మేము చూచుచున్నాము.

కావున శ్రీశైల సత్రపు దాతలకు మా మనవి: రాత్రివేళ జొన్నరొట్టెయు, ఆకుకూర పప్పును, కాచి చల్లార్చిన నీరును ఏర్పరుపుడు. వలయు జొన్నలు లింగాలనుండి మేము పంపించెదము.