గాజుతొట్టిలో నత్తల సంతానము

వానలు మొదలై హసన్‌పర్తి చెరువులో క్రొత్తనీరు చేరగానే గట్టు వెంబడి నత్తగుల్లలు కదలాడుట మన ప్రాంతమువారందరు ఎరిగినదే. వేసవి యంతయు బురదలో గుల్లకు మూత బిగించుకొని పడియుండిన యీ జీవి తొలకరితో మేల్కొని సంతానమును కనును. మరి సముద్రమునకు రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరముననున్న ఇట్టి ఊరిలో, ఇంటి గాజుతొట్టిలో ఉప్పునీరు నింపి సముద్రపు నత్తలను పెంచవచ్చునా? అవి గ్రుడ్లు పెట్టునా? ఆ గ్రుడ్లు పిల్లలగునా? శ్రద్ధ యున్నచో పెంచవచ్చును, గ్రుడ్లును పెట్టును, పిల్లలగుట మాత్రము అరుదు. దీనికి కారణము చూతము.

మన చెరువు నత్తను శాస్త్రజ్ఞులు పైలా గ్లోబోసా అందురు. వానకాలమున ఆడనత్త నీటినుండి వెలికివచ్చి, గట్టుమీది తడిమట్టిలో 200 మొదలు 800 వరకు తెల్లని గ్రుడ్లు పెట్టును. వానినుండి వెలువడునది చిన్ని గుల్లతో కూడిన నత్తపిల్లయే. తల్లి యెట్లో పిల్లయు అట్లే.

సముద్రపు నత్తలలో పెక్కింటి త్రోవ వేరు. తొట్టిలోని పాచిని తినుటకై విడుచు ట్రోకస్, టర్బో జాతులు గ్రుడ్లను, బీజమును నీటిలోనికే వదలును. అప్పుడు నీరు పాలు కలిపినట్లు మసకబారును. వాని పిల్లలు పుట్టగానే నత్తలు కావు. సన్నని శైలికలతో ఈదులాడు డింభకములు. జాతినిబట్టి కొన్ని దినములో, కొన్ని వారములో అవి నీటిలో తేలియాడి, పిమ్మట అడుగునకు దిగి నత్తరూపము దాల్చును. విశాలసముద్రమున ఇది చక్కని ఉపాయము. ఇంటి తొట్టిలోనో, పంపు వానిని లాగివేయును; వడపోత పట్టివేయును; చేపలు మ్రింగును; తగిన సూక్ష్మాహారము దొరకదు.

నెరైట్ నత్తలు అద్దముమీద నువ్వుగింజలవంటి తెల్లని గ్రుడ్లను అంటించును. వీనిని చూచి ఏదో తెగులని భయపడ నక్కరలేదు. వీని డింభకములకును పైని చెప్పిన గతియే. అయితే, కొన్ని చిరునత్తల గ్రుడ్లనుండి నేరుగా నత్తపిల్లలే వెలువడును. ఇవి తొట్టిలో వృద్ధినందగలవు. మన పూజామందిరములలోని శంఖమును మోసిన ప్రాణియు ఇట్టిదే. పొట్టేలు కొమ్మువలె మెలితిరిగిన గ్రుడ్లతిత్తినుండి చిన్ని శంఖములే బయటికి వచ్చును.

కావున సంతానము కోరువారు ముందు తల్లిని కాపాడవలెను. సముద్రజలమున లీటరునకు ఇంచుమించు 35 గ్రాముల లవణములుండును. వంటయుప్పు ఒక్కటే కలిపిన నీరు సముద్రపు నీరు కాదు. గుల్ల పెరుగుటకు సున్నమును, మెగ్నీషియమును కావలెను. ఓరుగల్లు వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు నీరు ఆవిరియగును, ఉప్పు మిగులును. తరిగినమేరకు మంచినీరే పోయవలెను. ఉప్పునీరు పోసినచో ఉప్పు నానాటికి హెచ్చును. నీరు వేడెక్కినకొలది అందలి ప్రాణవాయువు తగ్గును గనుక తొట్టిని చల్లని చోట నుంచుట మేలు. చేపల జబ్బునకు వాడు రాగి కలిసిన మందులు నత్తలకు విషము. చచ్చిన నత్తను వెంటనే తీసివేయనిచో నీరంతయు చెడును.

ఇక ముఖ్యమైన మాట. విసుగు పుట్టినచో తొట్టిని చెరువులో క్రుమ్మరింపరాదు. సముద్రపు నత్త అచ్చట బ్రతుకదు, ఊరక చచ్చును. మంచినీటి తొట్టిలోని పరదేశపు నత్తయో, బ్రతికి హాని చేయును. 1847లో కలకత్తాలో ఒక తోటలో విడిచిన ఆఫ్రికా పెద్దనత్త నేడు దేశమున పలుచోట్ల తోటలకు పీడయైనది. 1980 ప్రాంతమున ఆహారముకొరకు దక్షిణ అమెరికానుండి తైవానుకు తెచ్చిన బంగారునత్త, పిమ్మట ఆసియాలోని పలుదేశముల వరిపైరును నమలివేసినది. చెరువునీటితో వరి పండించు మనవంటివారికి ఇది చిన్న సంగతి కాదు.

గాజుతొట్టి పిల్లలకు మంచి పాఠశాల. ఒక భూతద్దము చేతికిచ్చి, అద్దముమీది తెల్లని చుక్కను చూపుడు. గ్రుడ్డు పెట్టుట వేరు, బిడ్డ బ్రతుకుట వేరు అని వారు కన్నులార తెలిసికొందురు. ఆ రెండింటి నడుమ ఎంత నీరు, ఎంత సమయము, ఎంత సంరక్షణము కావలెనో ఆ చుక్కయే వారికి చెప్పును.