సంతకము చేయకండి


ఈ టాటానగర్‌లో మనలో ఎవరికైనను కాలు తెగినను, చూపు మందగించినను మొదటి ప్రశ్న ఒక్కటే: ఉద్యోగము పోవునా?

పోదు. సర్వీసులో ఉండగా వికలాంగుడైన ప్రభుత్వోద్యోగిని తొలగించరాదని, హోదా తగ్గించరాదని 1995 చట్టములోని 47వ సెక్షను చెప్పినది. దాని స్థానమున వచ్చిన 2016 చట్టములోని 20వ సెక్షను కూడ అదే చెప్పుచున్నది. దెబ్బ డ్యూటీలోనే తగలవలెనన్న షరతు అందులో లేదు. ఆ లోకో పైలట్‌కో, పోస్ట్‌మన్‌కో అదే జీతపు స్కేలుతో వేరు పోస్టు ఈయవలెను. ఖాళీ లేనిచో సూపర్‌న్యూమరరీ పోస్టు సృష్టించి, తగినది దొరకువరకు, లేదా రిటైరగువరకు అందుంచవలెను. ఇన్వాలిడ్ పెన్షను ఇచ్చినంత మాత్రమున ఈ హక్కు రద్దు కాదని 2003లో కుణాల్ సింగ్ కేసులో సుప్రీం కోర్టు తేల్చినది.

అయినను, ఆస్పత్రి మంచముపై ఉన్న మనిషికి కుమారుని ఉద్యోగము ఆశ చూపి స్వచ్ఛంద విరమణ కాగితము చేతికిచ్చువారు కలరు. మేము అడుగుచున్నదొక్కటే: ఆ కాగితముపై సంతకము చేయుటకు ముందు బ్రాంచి కార్యదర్శికి కబురంపండి. మెడికల్ బోర్డు నిర్ణయపు నకలు తీసుకొని, ప్రత్యామ్నాయ పోస్టు కోరుచు దరఖాస్తు వ్రాసి, అందినట్లు రసీదు పుచ్చుకొనండి.